బాటసారి గవ్వ

"హైమా, కరెంటు పోయిందా?"

మొగుడు అడిగిన మాటకు హైమకు ముందు నవ్వొచ్చింది. రెండో శనివారం పొద్దున్న, వరండా నిండా ఎండ. ఆ ఎండలోనే కుర్చీ వేసుకుని, చేతిలో కాఫీ గ్లాసుతో కూర్చున్న పెంచలబాబు కరెంటు గురించి అడుగుతున్నాడు. వెంకటగిరి హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు, పిల్లల్ని ఏడిపించడం అలవాటైన మనిషి, సెలవు రోజున పెళ్లాం మీద పడ్డాడనుకుంది.

"ఆఁ, పోయింది. సూర్యుడి ఫ్యూజు కొట్టేసింది" అంది.

ఆయన నవ్వలేదు. గ్లాసు పక్కనున్న స్టూలు మీద పెట్టబోయి గాల్లో వదిలేశాడు. వేడి కాఫీ కాళ్ల మీద పడితే ఉలిక్కిపడి లేచాడు. "హైమా, ఆడే ఉండావా? నాకేం కనపడ్డంలా. పలకవేంది?" అని అరిచాడు.

"ఇక్కడే ఉన్నానండీ!" అని హైమ ఆయన మొహంలో మొహం పెట్టి కేకేసింది. ఆయన కళ్లు విప్పారి ఉన్నాయి. ఆ కళ్లు ఆమెను దాటి ఎటో చూస్తున్నాయి. చెయ్యి పట్టుకోగానే మాత్రం ప్రాణం వచ్చినట్టు రెండు చేతులతో బిగించేశాడు. "నీ చెయ్యి తెలుస్తుండాది. నన్ను వదలబాక" అన్నాడు.

ఇక హైమకు నవ్వు రాలేదు. ఇదేమిటో ఆమెకు తెలుసు. ఈ ఊళ్లో తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఊరి బయట ఉన్న పరిశోధనశాలలో హైమ పని. అంతరిక్ష యంత్రాలను పరీక్షించే ప్రైవేటు సంస్థ అది. నెప్ట్యూన్ దాకా పంపబోయే రేడియో అంత దూరంలో ఎలా పనిచేస్తుందో ఇక్కడే, ఈ నేల మీదే చూసుకోవాలని ఏళ్ల తరబడి తంటాలు పడి, చివరికి ఒక స్ఫటికాన్ని తయారుచేశారు. తెల్లగా, నున్నగా, అచ్చం గవ్వలా ఉంటుంది. అందరూ దాన్ని గవ్వ అనే అనేవాళ్లు. వెచ్చగా ఉన్న వస్తువుకు ఓ రెండు గంటలు ఆనించి ఉంచితే గవ్వ దానితో ముడిపడిపోతుంది. ఆ తర్వాత గవ్వను ఒక కిలోమీటరు అవతలికి తీసుకెళ్తే, ముడిపడ్డ వస్తువు భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరం వెళ్లిపోయినట్టే. ఉన్నచోటనే ఉంటుంది. కానీ దాన్ని చేరాల్సిన వెలుగూ, చప్పుడూ ఆ దూరమంతా ప్రయాణం చేసి ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా చేరతాయి. ముట్టుకుంటే మాత్రం వెంటనే తెలుస్తుంది. ఎందుకో పెద్దపెద్దవాళ్లకే అంతుపట్టలేదు.

ఇక పెంచలబాబుకు ఒక పిచ్చి ఉంది. ఫోను చూపించే గుర్తుల్ని పట్టుకుని, దాచిన పెట్టెల్ని వెతికే ఆటది. జియోకాషింగ్ అంటారు. ఆయన తన బడిపిల్లల కోసం వెంకటగిరి నుంచి రాపూరు వెళ్లే రోడ్డు పక్కన గ్రహాల బాట ఒకటి పెట్టాడు. ఇంటికి రెండు వందల మీటర్ల అవతల, తూము కింద ఒక స్టీలు డబ్బా, అది సూర్యుడు. ఒకటో కిలోమీటరు రాయి వెనక భూమి, అయిదు దగ్గర నిమ్మతోట కంచెలో గురుడు, తొమ్మిదిన్నర దగ్గర శని, ముప్ఫై దాటితే, అడవి మొదలయ్యేచోట నెప్ట్యూన్. ఎక్కడెక్కడి నుంచో కార్లలో, బైకుల మీద వచ్చి వెతుక్కునేవాళ్లు. డబ్బాలో ఒక బొమ్మ తీసుకుంటే ఇంకోటి పెట్టాలి. మెడలో బిళ్ల కట్టిన వస్తువు కనబడితే అది బాటసారి. దాన్ని సొంతం చేసుకోకూడదు. బిళ్ల మీద రాసిన కోరిక చదివి, ఇంకో పెట్టెదాకా మోసుకెళ్లి వదలాలి. ఆ ఆటలో దాన్ని మించిన మర్యాద లేదు.

కొలతలు అంత కచ్చితంగా ఉన్న బాట దొరికాక పరిశోధనశాల వదులుతుందా? గవ్వను ఆ బాట కొలతకే సానపట్టారు. హైమ ఎవరికీ అనుమానం రాకుండా గవ్వను పెట్టె పెట్టె దగ్గరా కాసేపు ఉంచి వచ్చేది. బయటివాళ్లకు చెప్పకూడదన్నారు పైవాళ్లు. మొగుడు బయటివాడెలా అయ్యాడో ఆమె అడగలేదు. గురువారం సాయంత్రం ఒళ్లు అలిసిపోయి, గవ్వను తిరిగి ఆఫీసులో అప్పగించే ఓపిక లేక, పొద్దున తీసుకుందాంలే అని సూర్యుడి పెట్టెలో వదిలి ఇంటికొచ్చేసింది.

ఆ రాత్రి వాన పడింది. డబ్బాల్లోకి నీళ్లు పోయాయేమోనని పెంచలబాబు బడికి సెలవు పెట్టి శుక్రవారం తెల్లారకముందే బయల్దేరాడు. హైమ వెళ్లి చూసేసరికి గవ్వ లేదు. దారిన పోయే పిల్లలెవరో తీసుకుని ఉంటారని రోజంతా లోపల్లోపల కుమిలింది. ఎవరికీ చెప్పలేదు, మొగుడికి అసలే చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆయన తూము దగ్గర బస్సు దిగి, నడుచుకుంటూ ఇంటికొచ్చి, "లోకమంతా ఈడ్చుకుంటా నడుస్తున్నట్టుండాది. తల తిరుగుతుండాది" అన్నాడు. భోజనం దగ్గర "పప్పు వెయ్యనా?" అని హైమ అడిగితే మాట లేదు. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయిన తర్వాత, ఎవరూ లేని గుమ్మంతో "వెయ్యి" అన్నాడు. దేనికో అలిగాడనుకుంది. తన బాధలో తను ఉండి, ఆయన మొహం సరిగ్గా చూడను కూడా లేదు.

ఇప్పుడు ఆయన కుడిచేతిని తన ఒళ్లో పెట్టుకుని, అరచేతిలో వేలితో ఒక్కొక్క అక్షరం రాసింది. తె-ల్ల గ-వ్వ?

"ఆఁ" అన్నాడు పెంచలబాబు వెంటనే. "సూర్యుడి పెట్టెలో దొరికింది. ఎంత బాగుండాదో! నిన్న రోజంతా చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగినా. అన్ని గ్రహాలూ చూపించినా దానికి. సాయంత్రం బిళ్ల కట్టి, బాటసారిని చేసి మళ్లీ అదే పెట్టెలో పెట్టినా. నీకు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నా."

చొక్కా జేబు. గుండెకు ఆనుకుని, రోజంతా. హైమ ఇంకో చేత్తో ఫోను తీసి ఆట యాప్ తెరిచింది. మొదటి పెట్టె దగ్గర కొత్త కబురు కనబడింది. చుక్కల జంట అని పేరు పెట్టుకున్న ఎవరో ఇద్దరు, అయిదారు నిమిషాల కిందట బాటసారిని తీసుకుని కారులో బయల్దేరారట. ఫొటోలో గవ్వ, దాని పక్కన పెంచలబాబు గుండ్రటి చేతిరాతతో బిళ్ల. "నన్ను ఎంత దూరం తీసుకెళ్లగలిగితే అంత దూరం తీసుకెళ్లండి."

అది చదివి హైమ మనసులో లెక్క వేసుకుంది. వెలుగు ఆ కొలతలో ఒక కిలోమీటరు పోవడానికి ఎనిమిది నిమిషాలు తీసుకుంటుంది. అంటే జోరుగా నడిచే మనిషి వేగం. కారు దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. గవ్వ కారులో పరిగెడుతున్నంతసేపూ ఏ వెలుగూ ఆయన్ని అందుకోలేదు. వాళ్లు ఆగితే, వెనకబడ్డ వెలుగు మెల్లగా చేరుకుంటుంది. వాళ్లు ఆగకుండా తిరుపతికో, బెంగుళూరుకో పోతే?

ఆలోచించే తీరిక ఎక్కడిది? ఆ జంటకు రాసింది. "ఆ గవ్వ మా ఆయన ప్రాణం. దయచేసి వెంటనే వెనక్కి తెచ్చివ్వండి. మా ఇల్లు మొదటి పెట్టె పక్కనే." అటునుంచి జవాబు లేదు. ఆ దారిలో సిగ్నలు అక్కడక్కడే ఉంటుంది. స్కూటరు మీద వెంటపడదామంటే, చూపూ వినికిడీ లేని మనిషిని ఒంటరిగా ఎలా వదలడం? డక్కిలిలో ఉన్న ఆడబిడ్డ సుగుణమ్మకు ఫోను చేసింది. బస్సు దొరకబట్టి వస్తానందావిడ.

ఆ రెండు మూడు గంటలూ హైమ జన్మలో మరిచిపోలేదు. ఉన్నట్టుండి ఆయనకు చూపు వచ్చేది. మొహం వెలిగిపోయి "ఆఁ, కనపడుతుండావు, కనపడుతుండావు!" అనేవాడు. కానీ ఆమె ఎడమ పక్కన ఉంటే ఆయన కుడివైపు చూసి నవ్వేవాడు. ఎప్పుడో ఆమె నిలబడిన చోటు అది. ఎప్పుడో ఆమె ఏడ్చిన ఏడుపుకు ఇప్పుడు ఓదార్చేవాడు. అంతలో అటు కారు కదిలేది, ఇటు ఆయన మొహం మళ్లీ ఆరిపోయేది. చీకటి పడ్డ ప్రతిసారీ ఆమె చెయ్యి నొక్కుకునేవాడు.

మధ్యలో ఆఫీసు పెద్దకు చెబితే, "ముందు అతన్ని జీపులో ఇక్కడికి తెచ్చేయండి. బయట ఎవరికీ తెలియనివ్వద్దు" అన్నాడాయన. మనిషిని కదిలించినా దూరం మారుతుందని ఆయనకు తెలియదా? తెలుసు. హైమ ఫోను పెట్టేసింది.

సుగుణమ్మ చెమటలు కక్కుకుంటూ వచ్చి, తమ్ముణ్ని చూసి బావురుమంది. "ఏందిరా పెంచలా, ఎట్టుండేవాడివి ఎట్టయిపోయావు!" అంటూ ఆయన చెయ్యి అందుకుంది.

అదే సమయానికి హైమ ఫోను మోగింది. జంట జవాబు. "నెప్ట్యూన్ పెట్టె దగ్గరున్నాం. మీ మెసేజ్ ఇప్పుడే చూశాం, సారీ. ప్రాణం మీదికొచ్చిందన్నారు కదా, ఇదిగో బయల్దేరాం, ఈ కింద మా నంబరు. ఎక్కడా ఆగం. అరగంటలో మీ దగ్గరుంటాం!"

"దేవుడున్నాడమ్మా" అని సుగుణమ్మ దణ్ణం పెట్టింది.

హైమ మాత్రం దణ్ణం పెట్టలేదు. పోయిన నెల సంగతి కళ్లముందు కదిలింది. గవ్వను బాట చివరిదాకా తీసుకెళ్లి, పరీక్ష అయిపోయాక డ్రైవరు అందరిలాగే జీపులో గబగబా వెనక్కి తెచ్చేశాడు. పరిశోధనశాల బల్ల మీద ఉన్న రేడియో అప్పటిదాకా గుసగుసలాడుతూ ఉండింది. జీపు దగ్గరవుతున్నకొద్దీ దాని గొంతు సన్నబడింది, కీచుమంది, చివరికి ఒకటే కేకగా మారింది. దారిలో చిక్కుకున్న గంటల తరబడి చప్పుడూ, సంకేతాలూ కొద్ది నిమిషాల్లో దాని మీద విరుచుకుపడ్డాయి. లోపలి తీగలన్నీ కరిగి ముద్దయ్యాయి. ఆ కాలిన వాసన రెండు రోజులు పోలేదు. ఇకమీదట గవ్వను నడిచే తీసుకురావాలని ఆ రోజే నియమం పెట్టారు. ఆ నియమం రాసిందే హైమ. పొద్దున "వెంటనే తెచ్చివ్వండి" అని రాసిందీ హైమే.

"రావద్దు! ఉన్నచోటే ఆగండి!" అని రాసింది. చేరలేదు. ఫోను చేసింది. కలవలేదు. వాళ్లు అడవిలోంచి వస్తున్నారు.

"వదినా, తువ్వాలు ఇవ్వండి. దూది కూడా."

"ఎందుకమ్మాయ్? తలుపులు మూసి చీకటి చేద్దామా?"

"లాభం లేదు వదినా. ఇప్పుడు ఆయన మీదికి వచ్చేది ఈ గది వెలుగు కాదు, పొద్దుట్నుంచీ దారిలో ఉన్న వెలుగు. ఆయన కళ్లే మూయాలి." ఆయన అరచేతిలో రాసింది. క-ళ్లు మూ-సు-కో. నే-ను వ-చ్చే-దా-కా తె-ర-వ-కు.

"ఏమైంది హైమా? ఆ గవ్వ నీదా?" అన్నాడు పెంచలబాబు.

అ-వు-ను.

 "ఒక్క మాట చెప్పుంటే దానికి కాపలా కూర్చునుందునే" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది హైమకు. కళ్లకు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి బిగించి కట్టి, చెవుల్లో దూది కూరి, ఆయన చెయ్యి తీసి సుగుణమ్మ చేతిలో పెట్టి, స్కూటరు తీసింది.

ఎంత వేగంగా పోయిందో ఆమెకే తెలియదు. గురుడు దాటింది. నిమ్మకాయల బస్తాలతో వస్తున్న లారీవాడు తిట్టిన తిట్టు గాలిలో కలిసిపోయింది. ముందు నుంచి వచ్చే ప్రతి కారునీ చూస్తోంది. ప్రతి నిమిషమూ ఆ ఇద్దరూ మంచి మనసుతో, ఎక్కడా ఆగకుండా, ఆయన మీదికి దూసుకొస్తున్నారు. శని పెట్టె ఉన్న మలుపులో తెల్ల కారు కనబడింది. హైమ స్కూటరును రోడ్డుకు అడ్డంగా పడేసి, రెండు చేతులూ చాపి నిలబడింది.

బ్రేకులు కీచుమన్నాయి. కారు ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగింది. దాంట్లోంచి ఒక కుర్రజంట దిగింది. ఆ అమ్మాయి అరచేతిలో గవ్వ ఉన్న చిన్న సంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మీరేనా మేడం? నేను నీరజ. ఈయన ఉదయ్. ఎంత స్పీడుగా వచ్చామో! సార్ ఎలా ఉన్నారు?" అంది.

ఏమని చెబుతుంది? ఆ పిల్ల కళ్లలో అంత ఆదుర్దా ఉంది. హైమ సంచి అందుకుని, గవ్వను తీసి గుప్పిట్లో బిగించి, ఇంటికి ఫోను చేసింది.

సుగుణమ్మ గొంతు బొంగురుపోయింది. "ఏం చెప్పమంటావే తల్లీ! ఇంతసేపూ ఒకటే అరుపులు. కొరివితో పొడిచినట్టు గింజుకున్నాడు. ఎడమ చెవిలో దూది ఊడిపోయిండాది, నేను చూసుకోలా. ముక్కులోంచి రక్తం. ఇప్పుడు కదలకుండా పడుండాడు."

"ఊపిరి?"

"ఊపిరాడుతుండాది. నా చెయ్యి వదల్లా."

హైమ నడక మొదలుపెట్టింది. కారెక్కమని ఉదయ్ ఎంత బతిమాలినా వినలేదు. సంగతి రెండు ముక్కల్లో చెప్పేసరికి అతని మొహం పాలిపోయింది. అతను కారు పక్కకు పెట్టి, స్కూటరు తోసుకుంటూ వెనకే వచ్చాడు. నీరజ నీళ్ల సీసా పట్టుకుని పక్కన నడిచింది. మామూలుగా అయితే ఆ దారి నడవడం ఒక లెక్కా? పరిగెత్తాలని కాళ్లు తొందరపెడుతున్నాయి. ఒక్క అడుగు జోరుగా పడినా అక్కడ ఆయన మీద ఏం పడుతుందోనని భయం. పిల్లను చంకనెత్తుకుని పడుకోబెట్టబోయే తల్లిలా అడుగులో అడుగు వేసింది. రాయి రాయి దగ్గరా సుగుణమ్మకు ఫోను చేసింది. "అట్టనే ఉండాడు" అన్నదే ప్రతిసారీ జవాబు.

గురుడు దాటాక నీరజ తన స్టీలు లంచ్ బాక్సు తెరిచి, "మేడం, ఇందులో పెట్టండి. చెయ్యి నొప్పి పుడుతుంది" అంది.

హైమ గుప్పిటి వైపు చూసుకుంది. గవ్వ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమంటే ఏమిటో ఆమె కంటే తెలిసినవాళ్లు లేరు. బాక్సులో పెట్టాలంటే గుప్పిట విప్పాలి. విప్పితే జారుతుందేమో, జారి తూములో పడుతుందేమో, పగులుతుందేమో. మొదట్లో రేడియోకు ముడిపడిన ఇంకో గవ్వ పగిలినరోజు, ఆ రేడియో మళ్లీ పలకలేదు. విప్పడానికి వేళ్లు ఒప్పుకోలేదు.

"వద్దమ్మా" అని నడిచింది.

రెండు గంటలకు పైగా నడిచి, గుప్పిట విప్పకుండానే, ఎండ వాలేసరికి గడప తొక్కింది. పెంచలబాబు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మీసం మీద ఎండిన రక్తం. సుగుణమ్మ ఆయన చెయ్యి పట్టుకుని అలాగే ఉంది. హైమ గవ్వను ఆయన ఒళ్లో పెట్టి, కుడి చెవిలో దూది తీసి, తువ్వాలు ముడి విప్పింది. 

ఆయన రెప్పలు విప్పి, గదంతా చూసి, ఆమె మొహం దగ్గర ఆగాడు. సరిగ్గా ఆమె ఉన్నచోటనే.

"వచ్చావా?" అన్నాడు.

"వచ్చాను."

"ఆఁ" అన్నాడాయన వెంటనే. ఆ 'ఆఁ' ఎంత తొందరగా వచ్చిందో! హైమ పెద్దగా ఏడ్చేసింది. సుగుణమ్మా ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ కుర్రజంట ఎటు చూడాలో తెలియక నేల చూసింది.

ఎడమ చెవి పోయింది. ఆ పక్క నుంచి పిలిస్తే పలకలేదు. చూపు నిలిచింది. గవ్వను ఇక ఎప్పుడూ ఒంటి మీదినుంచి తీయకూడదని హైమ చెబితే, ఆయన బిళ్ల పీకేసి, తన కోరికను ఒకసారి చదువుకుని కిటికీలోంచి అవతల పారేశాడు. సుగుణమ్మ నల్లతాడు వెతికి తెచ్చింది. హైమ దానికి గవ్వను బిగించి ఆయన మెడలో కట్టింది. "పెళ్లిలో నేను నీకు మూడు ముళ్లేస్తే, నువ్వు నాకు ఇంతకాలానికి వేస్తుండావు" అని ఆయన నవ్వబోయి, నోరెండి దగ్గాడు. "కాసిన్ని నీళ్లియ్యి."

హైమ లేచి వంటింట్లోకి నడిచింది. లోకమంతా కాస్త ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టుంది. అంత దూరం నడిచొచ్చిన అలసట కాబోలనుకుంది. తడుముకుంటూ చెంబు అందుకుంది. కుళాయి తిప్పింది.

చన్నీళ్లు చేతి మీద పడ్డాయి. వంచిన తల ఎత్తకుండా చూసింది. కుళాయి కింద నీళ్లు లేవు. చెంబూ లేదు. అసలు తన చెయ్యే లేదక్కడ. నీళ్ల చల్లదనం మణికట్టు దాటి మోచేతి దాకా పాకుతోంది. చప్పుడు మాత్రం లేదు. నాలుగైదు లెక్కపెట్టేంతసేపు తర్వాత ఎక్కడినుంచో ఒక చెయ్యి వచ్చి కుళాయి తిప్పింది. గాజులు చూస్తే తెలిసింది, అది తనదే. అప్పుడు నీళ్లు కనబడ్డాయి, వినబడ్డాయి.

"హైమా, నీళ్లేవీ?" అని ముందుగది నుంచి కేక వచ్చింది. ఆయన ఎప్పుడు పిలిచాడో.

గుమ్మం పట్టుకుని మెల్లగా వెనక్కి నడిచింది. దగ్గరవుతున్నకొద్దీ లోకం కుదుటపడింది. మంచం మీద ఆయన కుడిచెవి వైపు, ఆయన భుజానికి భుజం ఆనించి, మెడలో ఉన్న గవ్వ తన చెంపకు తగిలేంత దగ్గరగా కూర్చుంది. చెంబు ఆయన చేతికిచ్చింది. గవ్వ తనతోనూ ముడిపడ్డ మాట దాచేస్తే ఇవాళ్టికి గడిచిపోతుందని ఒక్క క్షణం అనిపించింది.

"ఏమండీ" అంది. "మీకు ఒకటి చెప్పాలి."